మెట్లు దిగాక తొడలు సలిపితే కండర తంతువులు తెగినట్టేనా?

ప్రశ్న: నా వయసు 53 ఏళ్లు. మోకాలి కింది ఎముక విరగడంతో తొడ నడిమి నుంచి పాదం దాకా వేసిన పిండికట్టుతో ఏడు వారాలు ఉన్నాను. కట్టు తీసి నెల దాటింది. ఎముక అతికిందని, పూర్తి బరువు మోపి నడవవచ్చని డాక్టరుగారు చెప్పారు. కట్టు తీసేసరికి ఆ తొడా పిక్కా బాగా చిక్కిపోయి ఉన్నాయి. ఆ కాలి మడమ ఇప్పటికీ నేలకు పూర్తిగా ఆనడం లేదు. పది రోజుల కిందట లిఫ్టు పనిచేయక ఐదంతస్తులు మెట్లు దిగాను. దిగేటప్పుడు ఏమీ అనిపించలేదు. మర్నాడు మొదలై, రెండో రోజుకు రెండు తొడలూ తాకితే ఓర్చుకోలేనంత నొప్పి పుట్టాయి. ఆరో రోజుకు తగ్గింది. వ్యాయామశాలకు వెళ్లే మా తమ్ముడి కొడుకు అది లాక్టిక్ ఆమ్లం పని అన్నాడు. ఒకచోట చదివితే, ఇలాంటప్పుడు కండర తంతువుల లోపలి నిర్మాణమే చెదిరిపోతుందని మైక్రోస్కోపు ఫోటోతో సహా వేశారు. మూడో రోజు చేయించిన రక్తపరీక్షలో క్రియాటిన్ కైనేజ్ 640 వచ్చింది. చిక్కిన కండరంలో తంతువులు చచ్చిపోయాయా? మిగిలినవి ఇప్పుడు తెగిపోయాయా? భయపడి వ్యాయామం మానేశాను. మళ్లీ మొదలుపెట్టవచ్చా?

సమాధానం: అమ్మా, ముందు మీ మూడు ప్రశ్నలకూ సూటిగా జవాబు చెబుతాను. చిక్కిన కాలిలో తంతువులు చచ్చిపోలేదు, సన్నబడ్డాయి. మెట్లు దిగినందువల్ల అవి తాళ్లు తెగినట్టు తెగలేదు. వాటి లోపల, మిల్లీమీటరులో వెయ్యో వంతు కొలతల్లో, అక్కడక్కడ అమరిక చెదిరింది. అందులో చాలా భాగం మీరు ఈ ఉత్తరం రాసే నాటికే సర్దుకుని ఉంటుంది. వ్యాయామం మీరు తప్పకుండా మళ్లీ మొదలుపెట్టాలి. మీ కాలికి ఆ మెట్ల వల్ల కలిగిన నష్టం కన్నా, భయంతో కదలకుండా కూర్చోవడం వల్ల కలిగే నష్టమే ఎక్కువ. ఇంతమాత్రం చెప్పి ముగిస్తే మీ మనసు కుదుటపడదని నాకు తెలుసు, ఎందుకంటే మీరు చూసిన ఫోటో అబద్ధం కాదు. అందులో ఉన్నది నిజంగానే జరుగుతుంది. అలాంటి ఫోటోను చూపించి, దాన్ని ఎలా చదవాలో చెప్పకుండా వదిలేసినవారి మీద నాకు కొంచెం కోపం కూడా ఉంది.

కండర తంతువు అంటే ఒకే ఒక్క కణం. మందం తల వెంట్రుక అంత, పొడవు కొన్ని కండరాలలో అనేక సెంటీమీటర్లు. అంత పొడవైన కణాన్ని నడపడానికి ఒక కేంద్రకం చాలదు కాబట్టి, దాని అంచు వెంబడి వందల కేంద్రకాలు ఉంటాయి. విద్యార్థిగా ఉన్నప్పుడు నేను మొదటిసారి రంగు వేయని తంతువును మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, ఏ ఆనవాలూ లేని గాజుపుల్లలా కనిపించింది. పక్కన నిలబడ్డ ల్యాబ్ టెక్నీషియన్ ఏమీ మాట్లాడకుండా చెయ్యి చాచి, కింది నుంచి వెలుతురు వచ్చే రంధ్రాన్ని సగానికి పైగా మూశాడు. వెలుతురు తగ్గగానే తంతువు పొడవునా అడ్డచారలు తేలాయి: ఒకటి ముదురు, ఒకటి లేత, మళ్లీ ముదురు, లెక్కపెట్టలేనన్ని. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు విద్యార్థులకు అదే చూపించాను, ఒక్కసారి కూడా విసుగు పుట్టలేదు.

ఆ చారలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే మిగతాదంతా తెలుస్తుంది. తంతువు లోపల, ఒక్కోటి సుమారు ఒక మైక్రోమీటరు మందం ఉండే మయోఫైబ్రిల్స్ అనే పోగులు వందలు, వేలుగా పక్కపక్కన సర్దుకుని ఉంటాయి. ప్రతి పోగూ సార్కోమియర్ అనే చిన్న గదుల గొలుసు. విశ్రాంతిలో ఒక్కో గది పొడవు రెండు నుంచి రెండున్నర మైక్రోమీటర్లు. అంటే ఒక్క సెంటీమీటరు పోగులోనే నాలుగు వేలకు పైగా గదులు ఒకదాని వెనుక ఒకటిగా ఉంటాయి. గదికీ గదికీ నడుమ ఉన్న గోడ పేరు జెడ్ రేఖ. రెండు పక్కల గోడల నుంచీ యాక్టిన్ అనే సన్నని తీగలు లోపలికి చొచ్చుకువస్తాయి. గది నడుమ మయోసిన్ అనే లావు తీగలు ఉంటాయి. 1954లో ఆండ్రూ హక్స్‌లీ, రాల్ఫ్ నీడర్‌గెర్కె ఒకవైపు, హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ మరొకవైపు, వేర్వేరుగా పనిచేసి, ఒకే పత్రికలో ఒకే సంచికలో ఒకే సంగతి చెప్పారు. కండరం ముడుచుకునేటప్పుడు ఈ తీగలేవీ పొట్టివి కావు, ఒకదాని నడుమకు ఒకటి జారతాయి, అంతే. తీగలు జారేకొద్దీ గోడలు దగ్గరవుతాయి, వేల గదులు తలా కొంచెం దగ్గరైతే కాలు కదులుతుంది. మయోసిన్ తీగలు గది నడుమ నుంచి పక్కకు జరగకుండా, మనకు తెలిసిన ప్రొటీన్లలోకెల్లా పెద్దదైన టైటిన్, స్ప్రింగులా రెండు వైపుల నుంచీ పట్టి ఉంచుతుంది. పక్కపక్క పోగుల గోడలను డెస్మిన్ అనే దారాలు ఒకదానితో ఒకటి కట్టి ఉంచుతాయి. తంతువు అంతటా గోడలన్నీ ఒకే వరుసలో నిలిచి మనకు చారలుగా కనిపించేది ఆ దారాల వల్లనే.

ఈ కట్టడం ఒకసారి కట్టి వదిలేసినది కాదు, ఇందులోని ప్రొటీన్లు రోజూ కొంత కూలుతుంటాయి, కొంత కొత్తగా చేరుతుంటాయి. మీద పడే బరువు, లాగే శక్తి ఎంత ఉన్నాయో చూసుకుని కండరం ఆ రెండింటి తూకాన్ని మార్చుకుంటూ ఉంటుంది. పిండికట్టులో మీ తొడకు బరువు లేకుండా పోయింది, అందువల్ల కొత్త ప్రొటీన్ తయారీ మందగించింది. మరోవైపు కూల్చివేత కొనసాగింది. పనికిరాని ప్రొటీన్ల మీద గుర్తు వేసి, వాటిని ముక్కలు చేసే ప్రోటియాజోమ్ అనే యంత్రానికి అప్పగించే ఎంజైములు కండరంలో ఉన్నాయి. కదలిక లేని కండరంలో ప్రత్యేకంగా పెరిగే అలాంటి ఎంజైములు రెండింటిని 2001లో గుర్తించారు. ఈ రెండు పనుల ఫలితంగా ఒక్కో తంతువులోనూ పోగుల సంఖ్య తగ్గి, తంతువు సన్నబడుతుంది. అది చావు కాదు, ఆ కణం, దాని పొర, దానికి వచ్చే నాడి, అన్నీ అక్కడే ఉంటాయి. ఆరోగ్యవంతులైన యువకుల కాలికి రెండు వారాలు కట్టు వేసి కొలిచినప్పుడు తొడ ముందు కండరం అడ్డుకోత వైశాల్యం సుమారు 8 శాతం తగ్గింది, బలం మాత్రం 20 శాతానికి పైగా పడిపోయింది. ఈ తేడాను గమనించండి. మెదడు నుంచి, వెన్నుపాము నుంచి వచ్చే ఆదేశం కూడా ఈ రోజుల్లో బలహీనపడుతుంది, అందుకే కండరం సన్నబడిన దానికన్నా ఎక్కువగా శక్తి పోయినట్టు అనిపిస్తుంది. వ్యాయామం మొదలుపెట్టాక ముందుగా కోలుకునేది కూడా ఈ ఆదేశమే. మొదటి రెండు మూడు వారాల్లో తొడ చుట్టుకొలత ఏమీ పెరగకపోయినా మెట్టు ఎక్కడం తేలికవడం మీరే గమనిస్తారు.

మీరు ఉత్తరంలో ఒక మాటగా రాసి వదిలేసిన మడమ సంగతి నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తోంది. కండరం సన్నబడటం ఒకటైతే, పొట్టిబడటం వేరొకటి. 1972లో తబారి, టార్డ్యూ, గోల్డ్‌స్పింక్ తదితరులు పిల్లుల పిక్కలోని సోలియస్ అనే కండరాన్ని వేర్వేరు పొడవుల్లో ఉంచి కట్టు వేశారు. పొట్టిగా ముడుచుకున్న స్థితిలో ఉంచిన కండరంలో, పోగు పొడవునా ఉండే గదులలో సుమారు 40 శాతం మాయమయ్యాయి. సాగదీసిన స్థితిలో ఉంచిన కండరంలో సుమారు 20 శాతం కొత్తగా చేరాయి. కట్టు తీసిన నాలుగు వారాలకు గదుల సంఖ్య మామూలు స్థితికి వచ్చింది. కండరం తాను ఏ పొడవులో పనిచేయాల్సి వస్తోందో ఆ పొడవుకు తగినన్ని గదులు ఉంచుకుంటుంది, ఎక్కువైనవి తీసేస్తుంది, చాలకపోతే పోగు చివర్లలో కొత్తవి కడుతుంది. మీ పాదం కట్టులో ఏ మాత్రం కిందికి వాలి ఉన్నా, పిక్క కండరం ఏడు వారాలు పొట్టిగా ఉండి ఆ పొడవుకే అలవాటు పడి ఉంటుంది. దానికి తోడు చీలమండ కీలు చుట్టూ ఉన్న కణజాలం, కండరం లోపలి బంధక కణజాలం కూడా బిగుసుకుంటాయి. పిల్లి కండరం లెక్క మనకు నేరుగా సరిపోదు, మీకు నాలుగు వారాల కన్నా ఎక్కువే పట్టవచ్చు. అయినా తిరిగి వచ్చే దారి అదే. పిక్కను రోజూ కొంతసేపు సాగిన స్థితిలో ఉంచాలి, సాగిన స్థితిలోనే దాని చేత పని చేయించాలి.

ఇక మెట్ల విషయం. మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది, దిగితే ఆయాసం రాదు కానీ మర్నాడు నొప్పి వస్తుంది. ఇది అందరికీ అనుభవమే, అయినా కారణం అడిగేవారు తక్కువ. మెట్టు దిగేటప్పుడు, పై మెట్టు మీద నిలిచి ఉన్న కాలి తొడ కండరం శరీరం బరువును మెల్లగా కిందికి వదలాలి. అది ముడుచుకోవడానికి లాగుతూనే ఉంటుంది, బరువు దాన్ని సాగదీస్తూనే ఉంటుంది. ఇలా సాగుతూ పనిచేసేటప్పుడు ఒక్కో తంతువు ఎక్కువ బలం చూపగలదు, అందుకని అదే బరువుకు తక్కువ తంతువులే పనిలోకి దిగుతాయి. పనిలో ఉన్న కొద్ది తంతువుల మీద భారం ఎక్కువ పడుతుంది. శక్తి ఖర్చు తక్కువ కనుక మీకు దిగేటప్పుడు ఏమీ అనిపించలేదు. పైగా నొప్పి రెండు తొడల్లోనూ వచ్చిందని రాశారు. కట్టు లేని కాలు కూడా ఏడు వారాలుగా మెట్లు దిగే పనికి దూరమైంది కదా. ఆరోగ్యంగా ఉన్న కాలు కూడా అలాగే సలిపిందంటే, విరిగిన ఎముకకూ ఈ నొప్పికీ సంబంధం లేదనడానికి అదే మంచి ఆనవాలు.

లాక్టిక్ ఆమ్లం మాట ఎన్నో ఏళ్లు నిపుణుల నోటే వినిపించింది కాబట్టి మీ తమ్ముడి కొడుకును తప్పుపట్టలేను. కానీ వ్యాయామం ఆపిన గంట, గంటన్నరలో రక్తంలో లాక్టేట్ మామూలు స్థాయికి వచ్చేస్తుంది. రెండో రోజు ముదిరే నొప్పికి అది కారణం కాలేదు. 1983లో ప్రచురితమైన ఒక పరిశోధనలో కొందరిని సమతలం మీదా, పల్లంలోకీ పరిగెత్తించి చూశారు. సమతలం మీద పరిగెత్తినప్పుడు లాక్టేట్ పెరిగింది, నొప్పి రాలేదు. పల్లంలోకి పరిగెత్తినప్పుడు లాక్టేట్ పెరగలేదు, నొప్పి మాత్రం వచ్చింది. ఈ నొప్పి కండరం లోపలి కట్టడానికి సంబంధించినదై ఉండాలని థియోడర్ హో అనే అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త 1902లోనే ఊహించాడు. అది కళ్లతో చూడటానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు రావాల్సి వచ్చింది.

1981లో స్వీడన్‌కు చెందిన యాన్ ఫ్రీడెన్, ఆయన సహచరులు కొందరిని మీలాగే మెట్లు దిగమని చెప్పి, ఆ తర్వాత వారి పిక్క కండరం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించారు. మీరు చూసిన ఫోటో ఆ కోవలోదే అయి ఉంటుంది, కాబట్టి దాన్ని మళ్లీ ఒకసారి ముందు పెట్టుకుని నాతో కలిసి చూడండి. ఫోటో నిండా నిలువుగా, నల్లని సన్నని గీతలు వరుసగా ఉంటాయి, అవి జెడ్ రేఖలు. వాటిలో ఒకటి రెండు చోట్ల గీత నిటారుగా లేక వంకరపోయి, తడి కాగితం మీద సిరా పాకినట్టు పక్క గదిలోకి సాగి ఉంటుంది. ఆ గదిలో లావు తీగలు నడుమన లేకుండా ఒక పక్కకు జరిగి ఉంటాయి. ఇప్పుడు దానికి పైనా కిందా ఉన్న పోగులను చూడండి. అక్కడ గీతలు ఎక్కడివక్కడ తిన్నగా నిలిచి ఉంటాయి. ఫోటో మూలన ఒక చిన్న అడ్డగీత, దాని పక్కన ఒక అంకె ఉంటుంది. ఆ గీత పొడవు ఎంతో ఆ అంకె చెబుతుంది. ఇలాంటి ఫోటోల్లో అది సాధారణంగా ఒక మైక్రోమీటరో రెండో ఉంటుంది. దానితో కొలిచి చూస్తే, చెదిరిన చోటు మొత్తం రెండు మూడు గదుల మేర మాత్రమే అని మీకే తెలుస్తుంది. ఒక సెంటీమీటరు పోగులో ఉండే గదులు నాలుగు వేలకు పైగా. వాటిలో చెదిరిన చోటును వెతికి పట్టుకుని అచ్చువేస్తారు గానీ, చక్కగా ఉన్న వాటిని వేయరు. ఏ కష్టం చేయని, ఏ నొప్పీ లేని మనిషి కండరంలో కూడా ఇలాంటి గీతలు అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తూనే ఉంటాయి.

ఆ ఒకటి రెండు గదులే ఎందుకు చెదిరాయి అన్నదానికి డేవిడ్ మోర్గన్ 1990లో ఇచ్చిన వివరణ నాకు నచ్చుతుంది. గొలుసులో గదులన్నీ సమాన బలంతో ఉండవు. కండరం బలంగా లాగుతూ సాగుతున్నప్పుడు, కాస్త బలహీనమైన గది ముందు సాగుతుంది. సాగినకొద్దీ దాని తీగల మధ్య పట్టు తగ్గి ఇంకా బలహీనమై, ఒక్కసారిగా బాగా సాగిపోతుంది. పని ఆగాక అలాంటి గదులలో చాలావాటిలో తీగలు మళ్లీ యథాస్థానానికి చేరతాయి. చేరనివి మాత్రం చెదిరి నిలుస్తాయి. కండరం పొట్టిబడి, పోగులో గదులు తక్కువగా ఉన్నప్పుడు అదే మెట్టు దిగడానికి ఒక్కో గది మరింత సాగాల్సి వస్తుందని కూడా దీన్నిబట్టి అర్థమవుతుంది.

చెదిరిన ఆ చోటును గాయం అనాలా, మరమ్మతు అనాలా అన్నదాని మీద పరిశోధకుల మధ్య వాదం ఉంది. స్వీడన్‌లోనే లార్స్ ఎరిక్ థార్నెల్, జి గువో యు బృందం 2000 తర్వాతి సంవత్సరాల్లో ఇలాంటి కండర ముక్కలనే రంగులతో, ప్రతిరక్షకాలతో మళ్లీ పరీక్షించారు. నొప్పి ఉన్నవారి కండరంలో తంతువులు చచ్చిన జాడ వారికి కనిపించలేదు, డెస్మిన్ దారాలు మాయమైన జాడ కూడా లేదు. చెదిరినట్టు కనిపించే చోట్ల యాక్టిన్, డెస్మిన్ ఎక్కువగా పోగై ఉన్నాయి. కొన్ని చోట్ల పక్క పోగులో కన్నా గదులు ఎక్కువగా ఉన్నాయి. అంటే అక్కడ కొత్త గదులు కట్టే పని నడుస్తోందని వారు భావించారు. పల్లంలోకి పరుగెత్తడం అలవాటు చేసిన ఎలుకల తొడ కండరంలో, ఎగువకు పరుగెత్తిన వాటి కన్నా పోగు పొడవునా ఎక్కువ గదులు ఉన్నాయని 1994లో తేలింది. నా అభిప్రాయం చెప్పమంటే, మనం మామూలుగా పడే నొప్పి విషయంలో ఈ రెండో వాదమే సత్యానికి దగ్గరగా ఉందనుకుంటాను. గోడకు కిటికీ పెట్టాలంటే కొన్ని ఇటుకలు ముందు తీయాలి కదా, ఆ క్షణంలో ఫోటో తీస్తే ఇల్లు కూలుతున్నట్టే కనిపిస్తుంది. ఇదే పనిని కొన్ని రోజుల తర్వాత మళ్లీ చేస్తే నొప్పి చాలా తక్కువగా రావడం, ఆ రక్షణ వారాల తరబడి నిలవడం కూడా దీనికి తగ్గట్టుగానే ఉన్నాయి.

నొప్పికీ ఆ ఫోటోకీ ఉన్న సంబంధం కూడా మీరు అనుకున్నంత నేరుగా లేదు. నొప్పిని పసిగట్టే నాడుల చివరలు తంతువు లోపలికి పోవు. అవి తంతువుల మధ్య ఉన్న బంధక కణజాలంలో, చిన్న రక్తనాళాల పక్కన ఉంటాయి. జెడ్ రేఖ వంకరపోతే దానంతట అది నొప్పి పుట్టించదు. తర్వాతి గంటల్లో, రోజుల్లో ఆ ప్రాంతంలో జరిగే రసాయన మార్పులు ఆ చివరలను సున్నితం చేస్తాయి, అప్పుడు మామూలుగా తాకినా నొప్పిగా తోస్తుంది. నొప్పి ఎక్కువైతే లోపల చెదిరింది కూడా ఎక్కువని లెక్క కట్టకండి. క్రియాటిన్ కైనేజ్ సంగతీ అంతే. తంతువు పొర కొంతసేపు కాస్త వదులై, లోపలి ఎంజైము రక్తంలోకి జారింది. మామూలు హద్దు సుమారు 200 యూనిట్లు అనుకుంటే మీ 640 దానికి మూడు రెట్లు, అలవాటు లేని మెట్లు దిగాక మూడో రోజున ఆ సంఖ్య ఆశ్చర్యం కాదు. ఆరోగ్యవంతులలో కఠిన వ్యాయామం తర్వాత అది వేలలోకి వెళ్లి తనంతట దిగివస్తుంది. పరీక్ష మళ్లీ చేయించనవసరం లేదు. అయితే మీరు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు వాడుతుంటే ఈ నొప్పి సంగతి, ఈ అంకె మీ డాక్టరుగారికి తప్పక చెప్పండి, ఎందుకంటే ఆ మాత్రలు కూడా కొందరిలో కండరాల నొప్పి తెస్తాయి.

ఒకవేళ నిజంగానే తంతువులో ఒక భాగం చచ్చినా ఏమవుతుందో కూడా చెబుతాను, మీ భయం అక్కడిదాకా వెళ్లింది కనుక. ప్రతి తంతువు చుట్టూ ఒక సన్నని తొడుగు ఉంటుంది. ఆ తొడుగుకూ తంతువు పొరకూ మధ్య ఇరుక్కుని చిన్న కణాలు నిద్రలో ఉన్నట్టు ఉంటాయి. 1961లో అలెగ్జాండర్ మౌరో కప్ప కండరంలో వాటిని చూసి శాటిలైట్ కణాలు అని పేరు పెట్టాడు. తంతువు దెబ్బతింటే ముందు తెల్ల రక్తకణాలు వచ్చి చచ్చిన భాగాన్ని శుభ్రం చేస్తాయి, ఆ తర్వాత ఈ చిన్న కణాలు మేలుకుని, విభజన చెంది, ఒకదానితో ఒకటి కలిసిపోయి, ఖాళీ అయిన ఆ తొడుగు లోపలే కొత్త తంతువు భాగాన్ని కడతాయి. కొత్తగా కట్టిన చోటును మైక్రోస్కోపులో ఇట్టే గుర్తుపట్టవచ్చు, అంచున ఉండాల్సిన కేంద్రకాలు అక్కడ తంతువు నడుమన వరుసగా నిలిచి ఉంటాయి. 53 ఏళ్ల వయసులో ఈ ఏర్పాటు కొంత నెమ్మదించినా, పనిచేస్తూనే ఉంటుంది.

ఇప్పుడు మీరు చేయవలసింది. నొప్పి పూర్తిగా పోయింది కాబట్టి రేపటి నుంచే మొదలుపెట్టండి, మీ ఫిజియోథెరపిస్టుకు ఈ వరుస చూపించి వారు మార్చమన్న చోట మార్చుకోండి. కొంచెం ఎత్తుగా ఉన్న కుర్చీలో నుంచి లేవండి, మళ్లీ కూర్చునేటప్పుడు మూడు నాలుగు సెకన్లు పట్టేలా మెల్లగా దిగండి, అవసరమైతే చేతులు ఆనించండి. ఈ మెల్లగా దిగడమే మెట్లు దిగేటప్పుడు జరిగే పని, కాకపోతే మోతాదు మీ చేతిలో ఉంటుంది. ఎనిమిది పది సార్లు, కాస్త ఆగి మరో విడత, రోజు విడిచి రోజు చాలు. మర్నాడు కొద్దిగా బరువుగా, కొద్దిగా సలుపుగా ఉంటే మోతాదు సరిగా ఉన్నట్టు. రెండో రోజు తాకలేనంత నొప్పి ఉంటే మోతాదు ఎక్కువైనట్టు, అప్పుడు మానకుండా సగానికి తగ్గించండి. మెట్లు తప్పనిసరి అయితే పిట్టగోడో కమ్మీయో పట్టుకుని, దిగేటప్పుడు దెబ్బతిన్న కాలు ముందుగా కింది మెట్టు మీద పెట్టండి. అప్పుడు బరువును దించే పని పై మెట్టు మీద ఉన్న మంచి కాలు చేస్తుంది. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. బలం వచ్చేకొద్దీ ఈ నియమాన్ని సడలించవచ్చు. పిక్క కోసం, గోడకు ఎదురుగా నిలబడి చేతులు గోడకు ఆనించి, ఆ కాలిని వెనక్కి పెట్టి, మోకాలు వంచకుండా మడమను నేల వైపు నొక్కి ముప్పై సెకన్లు ఉంచండి, రోజులో మూడు నాలుగు విడతలు, విడతకు నాలుగైదు సార్లు. ఊపులు వద్దు. తిండిలో ప్రొటీన్ తగ్గకుండా చూసుకోండి, నిద్ర తగ్గనివ్వకండి. మర్దన, వేడి నీళ్లు హాయినిస్తే వాడుకోండి, నయం చేసే పని మాత్రం వాటిది కాదు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం ఈ మాటలన్నీ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కఠినమైన శ్రమ తర్వాత మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారి, కండరాలు బాగా వాచి, నీరసం కమ్మితే అది ఈ మామూలు నొప్పి కాదు, కండర కణాలు పెద్ద ఎత్తున పగిలి మూత్రపిండాలకు హాని జరిగే స్థితి. ఒక్క పిక్కే వాచి, వేడిగా, నొప్పిగా ఉన్నా, అకస్మాత్తుగా ఆయాసమో ఛాతీ నొప్పో వచ్చినా ఆలస్యం చేయకూడదు. కట్టులో ఉన్నవారికి కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, అది కట్టు తీసిన తర్వాత కూడా కొంతకాలం ఉంటుంది. పని చేస్తుండగానే ఏదో ఫట్‌మన్నట్టు అనిపించి, అక్కడ కమిలి, వేలికి గుంట తగిలితే అది కండరం నిజంగా చిరగడం. విరిగిన చోటనే ఎముక మీద పోటు వస్తే డాక్టరుగారికి చూపించండి. మీ ఉత్తరంలో వీటిలో ఏ ఒక్కటీ లేదు.

తొడ చుట్టుకొలత రోజూ టేపుతో కొలవకండి, ఆ మార్పు నెలల మీద కనిపిస్తుంది కాబట్టి రోజూ కొలిస్తే నిరాశే మిగులుతుంది. దానికి బదులు వారానికి ఒకసారి, ఒకే వేళప్పుడు, గోడకు ఎదురుగా పాదం తిన్నగా పెట్టి, మడమ ఎత్తకుండా మోకాలు వంచి గోడకు తాకించండి. మోకాలు గోడకు తాకుతున్నంత వరకు పాదాన్ని కొద్దికొద్దిగా వెనక్కి జరుపుతూ, బొటనవేలికీ గోడకూ మధ్య దూరాన్ని స్కేలుతో కొలిచి రాసుకోండి, రెండో కాలికీ అలాగే చేసి పక్కన రాయండి. మడమ ఆనడం లేదంటున్నారు కనుక మొదటి వారం సున్నా అని రాయాల్సి రావచ్చు, రాయండి. ఎనిమిది వారాల తర్వాత రెండు కాళ్ల అంకెలూ నాకు పంపితే, చీలమండ ఎంతమేరకు వంగుతోందో, ఇక మెట్లు ఎలా దిగవచ్చో వాటిని చూసి చెబుతాను.